మీరడిగారు, చెబుతున్నాం: కైపర్ ఇంటిపేరు ఎక్కడిది?

పోయిన నెల కావలి నుంచి వచ్చిన ఒక ప్రశ్న వేసి, జవాబు వచ్చే సంచికలో అని రాశాం. ఈలోపు దాని మీదే ఒంగోలు నుంచి, కందుకూరు నుంచి, సూళ్లూరుపేట నుంచి ఇంకా ప్రశ్నలొచ్చాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఈ ఒక్క సంగతికే ఇచ్చేశాం. పప్పులో పురుగు పట్టకుండా ఏం చెయ్యాలని అడిగిన అక్కయ్యకు వచ్చే నెల తప్పకుండా చెబుతాం.

*

ప్రశ్న: మా సార్ సౌరకుటుంబం పాఠం చెబుతూ నెప్ట్యూన్ అవతల కైపర్ బెల్ట్ ఉందన్నారు. కైపర్ అంటే ఏంటని అడిగితే ఒక సైంటిస్టు ఇంటిపేరమ్మా అన్నారు. మన ఇంటిపేర్లకు ఏదో ఒక అర్థం ఉంటుంది కదా, మరి ఆ పేరుకు అర్థం ఉందా?
— ఇంటర్ విద్యార్థిని, కావలి

జవాబు: ఉంది తల్లీ. కైపర్ అంటే నెదర్లాండ్స్ దేశంలో మాట్లాడే డచ్చి భాషలో పీపాలు చేసేవాడు. కౌప్ అంటే పెద్ద తొట్టి, చెక్కతో చేసిన గుండ్రటి తొట్టి. ఆ తొట్లు, పీపాలు, బకెట్లు చేసి బతికే పనివాడు కైపర్. మనం కైపర్ అని రాస్తున్నాం గానీ డచ్చివాళ్ళు పలికేది సరిగ్గా అలా ఉండదు, మన లిపిలో ఆ అచ్చు లేదు. కైపర్‌కీ కౌపర్‌కీ మధ్యలో, పెదాలు గుండ్రంగా పెట్టి పలికినట్టు ఉంటుంది. పుస్తకాల్లో కైపర్ అనే స్థిరపడింది కాబట్టి పరీక్షలో అలాగే రాయి.

నీకు పాఠంలో వచ్చిన ఆయన గెరార్డ్ కైపర్. 1905లో నెదర్లాండ్స్ ఉత్తరాన టౌట్యెన్‌హోర్న్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. లైడెన్ యూనివర్సిటీలో చదివి 1933లో అమెరికా వెళ్ళాడు, అక్కడే స్థిరపడ్డాడు. చిన్నప్పుడు ఆయన చూపు ఎంత చురుకంటే, మామూలు కళ్ళకు ఆనని మసక నక్షత్రాలు కూడా టెలిస్కోపు లేకుండా చూసేవాడట. శని గ్రహం చుట్టూ తిరిగే టైటాన్ అనే ఉపగ్రహానికి వాతావరణం ఉందని, అందులో మీథేన్ ఉందని 1944లో చెప్పింది ఆయనే. 1948లో యురేనస్ చుట్టూ తిరిగే మిరాండాను, మరుసటి ఏడాది నెప్ట్యూన్ చుట్టూ తిరిగే నెరీడ్‌ను కనిపెట్టాడు. 1973లో చనిపోయాడు.

ఇంటిపేరు దగ్గరికి వద్దాం. గెరార్డ్ కైపర్ వాళ్ళ నాన్న పీపాలు చేసేవాడు కాదు, దర్జీ. ఊళ్ళో బట్టలు కుట్టేవాడు. డచ్చిలో దర్జీ పనిని బట్టి వచ్చిన ఇంటిపేరు వేరే ఉంది, స్నైడర్స్ అని, అంటే బట్ట కత్తిరించేవాడు. ఈ కుటుంబానికి అది రాలేదు. ఎప్పుడో ఏ తాతల కాలంలోనో వాళ్ళింట్లో ఒకాయన పీపాలు కట్టి ఉంటాడు, ఆయన్ని ఊరివాళ్ళు కైపర్ అని ఉంటారు, ఆ పిలుపు పిల్లలకు, వాళ్ళ పిల్లలకు అంటుకుని, పని మారిపోయినా పేరు మాత్రం అక్కడే ఆగిపోయింది. వృత్తి ఇంటిపేర్లన్నీ దాదాపు ఇలాంటివే. ఒక కాలంలో ఒక మనిషి ఏం చేశాడో అవి చెబుతాయి, ఇప్పుడున్న మనిషి గురించి ఏమీ చెప్పవు. డచ్చి ఇంటిపేర్ల గురించి నువ్వు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి మాట ఇదే.

ఇది మనకు తెలియని పద్ధతేం కాదు. మన నెల్లూరు జిల్లాలో ఒకే వీధిలో ఇద్దరు పెంచలయ్యలు ఉంటే ఏం చేస్తాం? ఒకాయన టైలర్ పెంచలయ్య, ఇంకొకాయన బడ్డీకొట్టు పెంచలయ్య. బడ్డీకొట్టు తీసేసి ఆయన ఆటో తోలుకుంటున్నా పిలుపు మాత్రం అదే. రేపు ఒక ఆఫీసరు వచ్చి రిజిస్టరులో ఆ పిలుపే ఇంటిపేరుగా రాసుకుని పోయాడనుకో, ఇంజినీరైన ఆయన మనవడు కూడా బడ్డీకొట్టు వారి అబ్బాయే అవుతాడు. డచ్చి దేశంలో సరిగ్గా అదే జరిగింది.

ఒక్క పేరు ఎన్ని రకాలుగా రాస్తారో కూడా చెబుతాను, ఎందుకంటే నీకు ఇవి ముందు ముందు తగులుతాయి. కైపర్, కైపర్స్, డె కైపర్. డచ్చి అక్షరాల్లో అయితే ఈ రకాలు ఇంకా ఎక్కువ, వెనకటి రోజుల్లో స్పెల్లింగుకు పద్ధతి లేదు కాబట్టి ఏ గుమస్తా ఎలా రాస్తే అలా నిలబడిపోయింది. చివర స ఉంటే కైపర్ గారి కొడుకు, కైపర్ గారి ఇంటివాడు అని. ముందు డె ఉంటే ఫలానా ఆ కైపర్ అని ప్రత్యేకించి చెప్పడం. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్‌మ్యూజియం, సెంట్రల్ రైల్వే స్టేషన్ డిజైన్ చేసిన ఆర్కిటెక్టు పియరె కైపర్స్. 1901 నుంచి 1905 వరకు ఆ దేశ ప్రధానమంత్రి అబ్రహాం కైపర్. అంతరిక్షంలోకి రెండుసార్లు వెళ్ళొచ్చిన డచ్చి వ్యోమగామి ఆంద్రె కైపర్స్. వీళ్ళకూ మన కైపర్ బెల్ట్ ఆయనకూ చుట్టరికం ఉందనుకోవద్దు. పీపాలు చేసేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, ప్రతి ఊళ్ళోనూ ఆ పేరు విడివిడిగా పుట్టింది.

బెల్ట్ సంగతి కూడా రెండు ముక్కలు. భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి సుమారు 30 రెట్ల నుంచి 50 రెట్ల దాకా, నెప్ట్యూన్ దాటాక, మంచు గడ్డలు తిరిగే వలయం అది. ప్లూటో అందులోదే. 1951లో కైపర్ రాసింది ఏమిటంటే, సౌరకుటుంబం ఏర్పడ్డ కొత్తలో అక్కడ అలాంటి వలయం ఉండి ఉంటుంది గానీ ఇప్పుడు మిగిలి ఉండదని. 1992లో డేవిడ్ జూయిట్, జేన్ లూ అనే ఇద్దరు ఆ వలయంలో ప్లూటో కుటుంబం కాని మొదటి గడ్డను కనిపెట్టారు. అంటే వలయం ఇంకా ఉంది. కైపర్‌కు ముందే ఎడ్జ్‌వర్త్ అనే ఐరిష్ ఆయన కూడా ఇలాంటి ఊహే చేశాడు, అందుకే కొందరు ఇద్దరి పేర్లూ కలిపి పిలుస్తారు. అది న్యాయం అని నా అభిప్రాయం.

*

ప్రశ్న: పీపాలు చేసేవాళ్ళు ఊరూరా ఇంటిపేరు పుట్టేంత మంది ఎందుకున్నారు? అది అంత పెద్ద పనా?
— ఫర్నిచర్ షాపు యజమాని, ఒంగోలు

జవాబు: చెక్కపని తెలిసిన మీరు అడిగారు కాబట్టి ఈ జవాబు కాస్త వివరంగా రాస్తున్నా అన్నా.

ముందు ఎందుకో చెబుతాను. ఇప్పుడు మనకు ప్లాస్టిక్ డ్రమ్ములు, టిన్నులు, అట్టపెట్టెలు, గోతాలు అన్నీ ఉన్నాయి. నాలుగైదు వందల ఏళ్ళ కిందట ఉత్తర యూరప్‌లో ఈ పనులన్నీ దాదాపు ఒక్క పీపాయే చేసింది. బీరు పీపాలో, వైను పీపాలో, వెన్న పీపాలో, ఉప్పు వేసిన మాంసం పీపాలో, తిమింగలం నూనె పీపాలో, తుపాకీ మందు పీపాలో, మేకులు కూడా పీపాలోనే. అన్నిటికంటే ముఖ్యం హెర్రింగ్ చేప. డచ్చివాళ్ళ డబ్బుకు మూలాల్లో ఒకటి ఈ చేప. పట్టిన వెంటనే పడవ మీదే మొప్పలు, పేగుల్లో కొంత భాగం తీసేసి, ఉప్పు చల్లి వరసలు వరసలుగా పీపాలో పేర్చేవాళ్ళు. వారాల తరబడి సముద్రం మీదే ఉండి ఒడ్డుకు చేరేసరికి సరుకు సిద్ధం. మన ఇస్కపల్లి ఉప్పు కొఠారుల పక్కన చేపలు ఎండబెట్టుకోవడానికి ఎండ ఉంది. వాళ్ళకు ఎండ లేదు, అందుకని తడి ఉప్పులోనే ఊరబెట్టాలి, ఊరిన నీళ్ళు కారిపోతే చేప పాడైపోతుంది. కాబట్టి పీపా కారకూడదు. ఒక్క పీపా కారితే చేప పట్టినవాడి కష్టం, ఉప్పు అమ్మినవాడి సరుకు రెండూ పోయినట్టే. అందుకే పీపాల మీద కాల్చిన ముద్రలు వేసేవాళ్ళు, ఎవరు చేశారో ఎక్కడ తనిఖీ అయిందో తెలిసేలా. పట్నాల్లో ఈ పనివాళ్ళకు సంఘాలుండేవి, ఏళ్ళ తరబడి ఒక పెద్ద మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటే తప్ప సొంతంగా కొట్టు పెట్టుకోనిచ్చేవాళ్ళు కాదు.

ఇప్పుడు పని చూడండి. ఒక్క మేకు ఉండదు, జిగురు ఉండదు.

ఎక్కువగా ఓక్ కలప వాడతారు. దుంగను రంపంతో కోయరు, మొద్దు మధ్య నుంచి బయటికి, చెట్టుకు సహజంగా ఉన్న చారల వెంబడి చీలుస్తారు. అడ్డంగా కోస్తే కలపలోని సన్నటి గొట్టాలు తెగి నీళ్ళు ఊరతాయి, చారల వెంట చీలిస్తే ఊరవు. ఆ బద్దల్ని ఆరుబయట ఏళ్ళ తరబడి ఆరనిస్తారు. తర్వాత ఒక్కో బద్దకు ఆకారం తెస్తారు, మధ్యలో వెడల్పు, రెండు కొసలా సన్నం, బయటి వైపు కాస్త ఉబ్బు, లోపలి వైపు కాస్త గుంట. అంచులు నిటారుగా ఉంటే కుదరదు, గుండ్రటి పీపాలో పక్క బద్దతో అతుక్కోవాలి కాబట్టి సరిగ్గా ఆ ఏటవాలు రావాలి. దీనికి వాళ్ళు వాడే చిత్రిక చాలా పొడుగ్గా ఉంటుంది, మనిషంత పొడుగు కూడా ఉండొచ్చు. దాన్ని తిరగేసి, పదును పైకి ఉండేలా, ఒక చివర కాళ్ళు పెట్టి ఏటవాలుగా నిలబెడతారు. మీ షాపులో చిత్రిక చెక్క మీద నడుస్తుంది కదా, వాళ్ళ దగ్గర చెక్కే చిత్రిక మీద నడుస్తుంది. ఎంత ఏటవాలు కావాలో కొలవడానికి చాలామంది పాత పనివాళ్ళకు స్కేలు కూడా అక్కర్లేదు, కంటి కొలతే.

బద్దలన్నీ ఒక కట్టులో గుండ్రంగా నిలబెట్టాక కింది వైపు గౌనులా విచ్చుకుని ఉంటాయి. మధ్యలో చిన్న మంట పెట్టి, బద్దల్ని తడుపుతూ వేడి చేస్తారు. కలప మెత్తబడి వంగే సమయానికి కింది వైపు కూడా దగ్గరికి లాగి కట్లు బిగిస్తారు, సుత్తితో చుట్టూ తిరుగుతూ కొట్టుకుంటూ దింపుతారు. తొందరపడితే బద్ద పగులుతుంది, ఆలస్యమైతే చల్లారి మొరాయిస్తుంది. తర్వాత రెండు కొసల దగ్గరా లోపలి వైపు గాడి తీసి, అందులో గుండ్రటి చెక్క మూత కూర్చోబెడతారు. మూత చెక్కల సందుల్లో నీటి ఒడ్డున పెరిగే ఒక రకం జమ్ము ఆకును ఎండబెట్టి పెడతారు, అది ఉబ్బి సందు మూసుకుంటుంది. పాత రోజుల్లో కట్లు కూడా ఇనపవి కావు, చీల్చిన లేత కొమ్మలతో చేసినవి. ఇనుము తర్వాత వచ్చింది.

పీపాకు పొట్ట ఎందుకు పెట్టారని ఎవరైనా అడిగితే చెప్పండి, అది అందం కోసం కాదు. పొట్ట వల్ల కట్లు కొసల నుంచి మధ్యకు దిగేకొద్దీ బిగుసుకుంటాయి. పడుకోబెడితే నేలకు ఒక్క చోటే తగులుతుంది కాబట్టి క్వింటాళ్ళ బరువున్న పీపాను ఒక్క మనిషి దొర్లించుకుంటూ, ఏ వైపు కావాలంటే ఆ వైపు తిప్పుకుంటూ పోగలడు. ఓడరేవులో క్రేన్లు లేని కాలంలో ఇది ఎంత గొప్ప సౌకర్యమో ఊహించండి. ఇంత తెలివైన వస్తువును తయారుచేసినవాళ్ళ పేర్లు చాలావరకు ఎక్కడా లేవు, ఇంటిపేరుగా మాత్రం లక్షల మందిలో మిగిలింది. నాకు అది చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

నెదర్లాండ్స్ ఒక్కటే కాదు, ఈ పని ఉన్న ప్రతి దేశంలో ఆ ఇంటిపేరు ఉంది. ఇంగ్లీషులో కూపర్. జర్మన్‌లో బొట్షర్, ఫాస్‌బైండర్. ఫ్రెంచిలో తొనెల్యే. హంగరీలో కాదార్. ఉక్రెయిన్ వైపు బొందరెంకో. చెక్ భాషలో బెద్‌నార్ష్. క్రికెట్, ఫుట్‌బాల్ చూసేటప్పుడు స్కోరుబోర్డు మీద ఈ పేర్లు చాలాసార్లు చదివే ఉంటారు. ఇంకో సంగతి, మనం వాడే పీపా అనే మాట కూడా ఓడల్లో వచ్చిందే, అది పోర్చుగీసువాళ్ళది.

డె కైపర్ పేరుతో ఇప్పుడు మద్యం తయారుచేసే ఒక పాత డచ్చి కంపెనీ ఉంది. 1695లో మొదలైనప్పుడు అది చేసింది మద్యం కాదు, మద్యం పోసుకునే పీపాలు. అంటే అక్కడ ఇంటిపేరూ పనీ కొంతకాలం కలిసే నడిచాయి.

*

ప్రశ్న: నెదర్లాండ్స్‌లో ఇంటిపేర్లన్నీ నెపోలియన్ బలవంతంగా పెట్టించాడని, కోపంతో జనం పిచ్చి పిచ్చి పేర్లు రాయించుకున్నారని చదివాను. నిజమేనా?
— రిటైర్డ్ సోషల్ టీచర్, కందుకూరు

జవాబు: సగం నిజం మాస్టారూ.

1810లో నెపోలియన్ ఆ దేశాన్ని ఫ్రాన్సులో కలిపేసుకున్నాడు. 1811 ఆగస్టు 18న ఒక ఉత్తర్వు వచ్చింది, ఇంటిపేరు లేనివాళ్ళు ఒకటి ఎంచుకుని రిజిస్టరు చేయించుకోవాలని. జననాలు, పెళ్ళిళ్ళు, చావులు సర్కారు లెక్కలోకి రావాలి, సైన్యంలోకి కుర్రాళ్ళను తీసుకోవాలి, పన్నులు వసూలు చేయాలి, దీనికి మనిషికో స్థిరమైన పేరు కావాలి. చాలామంది పట్టించుకోలేదు. నెపోలియన్ పోయాక 1825లో రాజు విలియం మళ్ళీ అదే మాట చెప్పాల్సి వచ్చింది.

కానీ ఆ నాటికి చాలామందికి ఇంటిపేర్లు ఉన్నాయి. పట్నాల్లో, ముఖ్యంగా దక్షిణాన, మధ్యయుగాల నుంచే స్థిరపడుతూ వచ్చాయి. పేరు లేనివాళ్ళు ఎక్కువగా ఉత్తరాది పల్లెల్లో, ఫ్రీస్‌లాండ్, గ్రోనింగెన్, డ్రెంతె వైపు. వాళ్ళు తండ్రి పేరునే తగిలించుకునేవాళ్ళు. పీటర్ కొడుకు యాన్ అయితే యాన్ పీటర్స్, యాన్ కొడుకు క్లాస్ అయితే క్లాస్ యాన్స్. తరం మారితే రెండో పేరు మారిపోతుంది. ఇలాంటి చోట ఒకే పేరున్నవాళ్ళు ఎక్కువైనప్పుడు పని పేరు, ఊరి పేరు, ఇంటి ముందున్న చెట్టు పేరు ఏదో ఒకటి తగిలించి గుర్తుపట్టేవాళ్ళు. 1811లో అడిగేసరికి చాలామంది అప్పటికే ఉన్న ఆ పిలుపునే రాయించారు.

పిల్లలకు చెప్పడానికి మీకు ఒక మంచి ఉదాహరణ ఇస్తాను. చిత్రకారుడు రెంబ్రాంట్ పూర్తి పేరు రెంబ్రాంట్ హార్మెన్‌స్జోన్ వాన్ రైన్. మొదటిది సొంత పేరు. రెండోది హార్మెన్ కొడుకు అని. మూడోది రైన్ నది దగ్గరివాడని, 1606లో ఆయన పుట్టిన లైడెన్ పట్నంలో ఆ నది పక్కన వాళ్ళకు పిండిమర ఉండేది. ఆయన తండ్రి పిండి మర నడిపేవాడు. మర నడిపేవాడిని డచ్చిలో ముల్డర్ అంటారు, అది ఇప్పుడు చాలా మామూలు ఇంటిపేరు. గుమస్తా నదిని చూడకుండా మరను చూసి ఉంటే ఈ రోజు మనం రెంబ్రాంట్ ముల్డర్ అని చదువుకునేవాళ్ళం. ఇంటిపేరు ఏది అతుక్కుంటుందో చెప్పడానికి రూలేమీ లేదు, చుట్టూ ఉన్నవాళ్ళ కంటికి ఏది ముందు ఆనితే అది.

పిచ్చి పేర్ల కథ మాత్రం ఎక్కువ భాగం కల్పన. నాక్త్‌ఖెబోరెన్ అనే ఇంటిపేరు ఉంది, వినడానికి బట్టల్లేకుండా పుట్టినవాడు అని అర్థం వస్తుంది. నెపోలియన్ మనుషుల్ని ఏడిపించడానికి ఎవరో రాయించారని చెప్పుకుంటారు. కానీ ఆ పేరు నెపోలియన్‌కు ముందు నుంచే కాగితాల్లో ఉంది. తండ్రి పోయాక పుట్టిన బిడ్డ అనే జర్మన్ మాట నోళ్ళలో నలిగి అలా అయిందని దానికి చెప్పే వివరణ. నాకు నవ్వు తెప్పించే కథ కంటే ఈ వివరణే నమ్మదగ్గదిగా ఉంది. తండ్రి లేని బిడ్డను ఊరు గుర్తుపెట్టుకున్న పేరది.

*

ప్రశ్న: మేం పులికాట్ సరస్సు పక్కన ఉంటాం. అవతలి ఒడ్డున పళవేర్కాడులో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. అక్కడికొచ్చినవాళ్ళలో ఈ పీపాల పనివాళ్ళు ఉన్నారా?
— డిగ్రీ విద్యార్థి, సూళ్లూరుపేట

జవాబు: పని చేసినవాళ్ళు తప్పకుండా ఉన్నారు తమ్ముడూ.

1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ మన కోస్తాలో మచిలీపట్నం, నిజాంపట్నంలలో అడుగుపెట్టి, తర్వాత పులికాట్‌లో, అంటే నువ్వు చెప్పిన పళవేర్కాడులోనే, దిగింది. అక్కడ 1613లో జెల్డ్రియా కోట కట్టారు. 1690లో నాగపట్నానికి మార్చేదాకా కోరమండల్ తీరంలో వాళ్ళ పెద్ద కార్యాలయం అదే. మన నేతగాళ్ళ బట్టలు కొని తూర్పు దీవులకు పంపి, అక్కడ మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనుక్కునేవాళ్ళు. పులికాట్‌లో తుపాకీ మందు కూడా తయారుచేసేవాళ్ళు. బట్టలతో పాటు ఈ తీరం మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించారు కూడా, ఆ ముక్క చెప్పకుండా డచ్చి వ్యాపారం గురించి రాయడం నాకు ఇష్టం లేదు.

కంపెనీ ఓడల్లో వడ్రంగి, తెరచాపలు కుట్టేవాడు ఉన్నట్టే కైపర్ కూడా ఉండేవాడు. నెలల ప్రయాణం, వందల మంది జనం, తాగే నీళ్ళన్నీ పీపాల్లోనే. ఒక్క నీళ్ళ పీపా పగిలితే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ఖాళీ అయిన పీపాల్ని విప్పి బద్దలుగా కట్టగట్టి పెట్టుకునేవాళ్ళు, చోటు కలిసొచ్చేది. అవసరమైనప్పుడు మళ్ళీ బిగించేవాడు కైపర్. మన తీరంలో ఓడ ఒడ్డుకు రాలేదు, అలలు ఒప్పుకోవు. మేకుల్లేకుండా కొబ్బరి తాళ్ళతో చెక్కలు కుట్టి చేసిన మసూలా పడవలే ఓడకూ ఒడ్డుకూ మధ్య సరుకు మోసేవి. మేకుల్లేని పడవలో మేకుల్లేని పీపా దిగడం, రెండు దేశాల పనితనం ఒక అల మీద కలవడం, ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఇక ఇంటిపేరు కైపర్ ఉన్నవాళ్ళు వచ్చారా అంటే, ఒక జాగ్రత్త. జీతాల పుస్తకంలో కైపర్ అని ఉంటే అది ఇంటిపేరో ఉద్యోగమో చూసుకోవాలి. రెండో జాగ్రత్త, ఆ ఓడలెక్కినవాళ్ళందరూ డచ్చివాళ్ళు కారు. జర్మన్లు, స్కాండినేవియన్లు చాలామంది పొట్టకూటి కోసం చేరారు, వాళ్ళ పేర్లు డచ్చి గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. పద్దెనిమిదో శతాబ్దపు జీతాల పుస్తకాలు హేగ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, లక్షల ఎంట్రీలు ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. చరిత్ర చదువుతున్న కుర్రాడివి కాబట్టి కూర్చో. పళవేర్కాడు శ్మశానం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు గేటు దగ్గరి పుర్రెల బొమ్మలకు సెల్ఫీ తీసుకుని వచ్చేయకుండా, రాళ్ళ మీద పేర్లు నోటుపుస్తకంలో ఎక్కించుకుని రా. రాళ్ళను తాకొద్దు, గీకొద్దు, అక్షరాలు కనబడేందుకు సుద్ద రాయొద్దు.

*

ప్రశ్న: డచ్చి క్రీడాకారుల పేర్లలో వాన్ అని వస్తుంది. అంటే జమీందారీ వంశమా?
— సింగరాయకొండ

జవాబు: కాదు. వాన్ అంటే ఫలానా చోటి నుంచి వచ్చినవాడని, అంతే. వాన్ డైక్ అంటే కరకట్ట దగ్గరివాడు. జర్మన్‌లో ఫాన్ అని ఉంటే చాలాసార్లు గొప్పింటివాడనే గుర్తు, డచ్చి వాన్‌కు ఆ లెక్క లేదు. మన ఇంటిపేర్లలో సగానికి సగం ఊరి పేర్లే కదా, అలాంటిదే. డె కోనింగ్ అంటే రాజు, అయినా వాళ్ళు రాజవంశం కాదు. ఇంటి నంబర్లు లేని రోజుల్లో గుమ్మం మీద రాజు బొమ్మో, చేప బొమ్మో చెక్కి పెట్టుకునేవాళ్ళు, ఆ బొమ్మ పేరే ఇంటికి, ఇంట్లోవాళ్ళకు వచ్చిన సందర్భాలున్నాయి.

*

ప్రశ్న: చేపలు పట్టేవాళ్ళ ఇంటిపేరు కూడా ఉందా అక్కడ?
— కొత్తపట్నం

జవాబు: ఉంది, విస్సర్. ఆ దేశంలో బాగా ఎక్కువగా కనబడే ఇంటిపేర్లలో అదొకటి. బక్కర్ అంటే రొట్టెలు కాల్చేవాడు, స్మిట్ అంటే కమ్మరి, టిమ్మర్‌మాన్ వడ్రంగి, డెక్కర్ ఇంటి కప్పు కప్పేవాడు, బ్రౌవర్ బీరు కాచేవాడు, స్కిప్పర్ పడవ నడిపేవాడు, డె వేవర్ నేతగాడు. మీ ఊళ్ళో విస్సర్లే ఎక్కువ అన్నమాట, మా నెల్లూరు వీధుల్లో స్నైడర్స్‌లు, టిమ్మర్‌మాన్‌లు దొరుకుతారు.

*

ప్రశ్న: మా అబ్బాయి నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ళ మేనేజర్ ఇంటిపేరు డె కైపర్. ఆఫీసు లిస్టులో డ దగ్గర వెతికితే దొరకలేదంట. ఎందుకు?
— నెల్లూరు

జవాబు: క దగ్గర వెతకమనండమ్మా. నెదర్లాండ్స్‌లో డె, వాన్, వాన్ డెర్ లాంటి ముందు ముక్కల్ని వదిలేసి అసలు పేరు మొదటి అక్షరంతో వరసలో పెడతారు. పక్కనే ఉన్న బెల్జియంలో మాత్రం ఆ ముక్కతోనే మొదలుపెడతారు, అక్కడైతే డ దగ్గరే దొరుకుతుంది. ఇంకో చిన్న పద్ధతి కూడా చెప్పండి. మెయిల్ రాసేటప్పుడు ముందు సొంత పేరు రాస్తే డె లో మొదటి అక్షరం ఇంగ్లీషు చిన్న బడిలో రాయాలి, సొంత పేరు లేకుండా శ్రీ డె కైపర్ అని రాస్తే పెద్ద బడిలో. బెల్జియంవాళ్ళు మాత్రం ఆ కుటుంబం కాగితాల్లో ఎలా ఉంటే అలాగే రాస్తారు, కాబట్టి ఆ మేనేజర్ ఏ దేశం మనిషో ముందు కనుక్కుంటే మంచిది.